యానిమేషన్‌లో పాప చేతికి చిక్కిన బుల్లి దేవకన్య నిజంగా బుల్లిదిగా ఎందుకు అనిపించదు?

చాలాసార్లు లోపం సైజులో ఉండదు, కదలికలో ఉంటుంది. పాప ఎత్తు 120 సెంటీమీటర్లు, దేవకన్య 12 అనుకుందాం. మోడల్‌ని పదో వంతుకు కుదిస్తే సరిపోదు. వేలాడేది ఊగే సమయం దాని పొడవు వర్గమూలాన్ని బట్టి మారుతుంది. పాప జడ ఒకసారి ఊగి రావడానికి 24 ఫ్రేములు పడితే, దేవకన్య జడకు సుమారు 8 చాలు. జుట్టు, బట్టల సిమ్యులేషన్‌లో (వాటి కదలికను కంప్యూటరే లెక్కగట్టే పద్ధతి) పాప సెట్టింగులే వదిలేస్తే, మామూలు మనిషిని దూరం నుంచి తీసినట్టుంటుంది. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే.

నీళ్లు ఇంకా త్వరగా గుట్టు బయటపెడతాయి. చినుకు ఆమెతోపాటు చిన్నదవదు. 4 మిల్లీమీటర్ల చుక్క ఆమె మీద పడితే, పాపకు 4 సెంటీమీటర్ల నీటి ముద్ద తగిలినట్టే. అందుకే సన్నటి తుంపరలు వద్దు. చుక్కలు ఉబ్బెత్తుగా రెక్కలకు అంటుకుని, వాటిని బరువుతో కిందికి లాగాలి.

నేపథ్యం మసకగా ఉంటే దగ్గరి నుంచి చూస్తున్న భావన వస్తుంది. అయితే ముక్కు స్పష్టంగా, కళ్లు మసకగా పడేంతగా ఫోకస్ పరిధి తగ్గించకండి, హావభావాలు పోతాయి.

గొంతు సంగతికొస్తే, 2010లో వచ్చిన 'టింకర్ బెల్ అండ్ ది గ్రేట్ ఫెయిరీ రెస్క్యూ' సినిమాలో దేవకన్య మాటలు లిజీ అనే పాపకు చిరుగంటల చప్పుడుగానే వినిపిస్తాయి. చాలా చక్కని ఉపాయమది.