సిగ్నల్ దగ్గర ఆగిపోతున్న పద్మిని

ప్రశ్న: మా నాన్నగారు 1984లో కొన్న ప్రీమియర్ పద్మిని కారు కొన్నేళ్లు షెడ్డులోనే ఉండిపోయింది. ఈ మధ్యే మళ్లీ రోడ్డెక్కించాను. వేడెక్కాక సిగ్నల్ దగ్గర ఆపితే ఇంజను వణికి ఆగిపోతుంది. చోక్ కొద్దిగా లాగి ఉంచితే మాత్రం ఆగదు. మెకానిక్ స్లో రన్నింగ్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజను తిరిగే వేగం) పెంచినా రొద పెరిగిందే తప్ప నిలకడ రాలేదు. కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపే భాగం) మార్చాలంటున్నారు. మార్చమంటారా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: అప్పుడే వద్దు. చోక్ చేసే పని మిశ్రమంలో పెట్రోలు పాలు పెంచడమే కాబట్టి, స్లోలో ఇంజనుకు పెట్రోలు చాలడం లేదనో, కార్బురేటర్ దాటాక ఎక్కడో అదనపు గాలి దూరుతోందనో మీ మాటల్లోనే తెలుస్తోంది. బండి చాలాకాలం కదలలేదు కనుక నా మొదటి అనుమానం స్లో జెట్ మీదే, అంటే స్లోలో పెట్రోలు అందించే, సన్నని రంధ్రమున్న ఇత్తడి ముక్క మీదే. పెట్రోలు ఆవిరైపోయాక మిగిలే జిగురు ఆ సన్నని రంధ్రాన్ని ఇట్టే మూసేస్తుంది. జెట్ విప్పించి, క్లీనర్‌తో కడిగించి, కంప్రెసర్ గాలితో ఊదించండి. తీగతో మాత్రం పొడవనివ్వకండి. ఇత్తడి రంధ్రం రవ్వంత పెద్దదైనా జెట్ పాడైనట్లే.

జెట్ శుభ్రంగానే ఉంటే, ఇంజను నడుస్తుండగా కార్బురేటర్ అడుగు ప్యాకింగ్ చుట్టూ, మానిఫోల్డ్ (కార్బురేటర్ నుంచి ఇంజనులోకి మిశ్రమం వెళ్లే గొట్టం) అతుకుల దగ్గర సబ్బు నీళ్లు రాయించండి. ఎక్కడ రాసినప్పుడు ఇంజను శబ్దం మారుతుందో అక్కడే లీకు. పెట్రోలు చల్లి చూసే అలవాటు కొన్ని షెడ్లలో ఉంది కానీ, వేడి ఇంజను మీద అది నిప్పుతో చెలగాటమే. థ్రాటిల్ స్పిండిల్‌ను (కార్బురేటర్‌లో దారిని తెరిచి మూసే థ్రాటిల్ బిళ్ల తిరిగే ఇరుసును) వేళ్లతో పట్టి ఊపితే వదులుగా ఆడుతుందేమో కూడా చూడండి. అరిగిన స్పిండిల్ పక్కనుంచి గాలి దూరుతుంటే ఏ సెట్టింగూ నిలవదు.

స్లో స్క్రూ పెంచినందువల్ల జరిగిందేమిటంటే, థ్రాటిల్ బిళ్ల ఎక్కువగా తెరుచుకుని దాని అంచు దగ్గరి రంధ్రాల నుంచి కూడా పెట్రోలు రావడం మొదలవుతుంది. అప్పుడు మిక్చర్ స్క్రూ (స్లోలో మిశ్రమాన్ని సరిచేసే స్క్రూ) ఎటు తిప్పినా పెద్దగా తేడా కనబడదు. అందువల్ల స్లో స్క్రూను వెనక్కి తిప్పించండి. పాయింట్లు (ప్లగ్గులకు నిప్పురవ్వ అందేలా కరెంటును తెంచే కాంటాక్టులు), ప్లగ్గులు, నిప్పురవ్వ టైమింగ్, ట్యాపెట్లు (వాల్వుల దగ్గరి సందు) సరిచూశాక, ఇంజను ఆపి మిక్చర్ స్క్రూను సుతారంగా చివరిదాకా బిగించి ఒకటిన్నర చుట్లు వదలాలి. తర్వాత ఇంజనును బాగా వేడెక్కనిచ్చి, పావు చుట్టు చొప్పున తిప్పుతూ అది సాఫీగా, వేగంగా తిరిగే చోట ఆపి, వేగం ఎక్కువైతే స్లో స్క్రూతో తగ్గించాలి.

స్పిండిల్ రంధ్రాలు బుష్ (అరుగుదలను పూడ్చే లోపలి రింగు) వేయడానికీ వీల్లేనంత అరిగిపోయాయని తేలితేనే కొత్త కార్బురేటర్ కొనండి.