ముందు ఆ టాస్క్‌బార్ సర్దుకో, బుజ్జమ్మా

నరసరావుపేట

బుజ్జమ్మకు ఆశీస్సులు.

మొన్న సత్తెనపల్లి వచ్చినప్పుడు నీ కొట్లో ఓ అరగంట కూర్చున్నాను కదా. కొట్టు బాగుంది. లామినేషన్ మిషన్ గుమ్మం దగ్గర పెట్టి మంచి పని చేశావు, వచ్చేవాళ్ల కంట పడుతుంది. సిస్టమ్ స్క్రీన్ చూస్తుంటే మాత్రం నా చేతులు దురద పెట్టాయి. కస్టమర్ ఎదురుగా ఉన్నాడని నోరు మూసుకున్నాను. ఆ పెద్దాయన పాస్‌బుక్ స్కాన్ చేసి, ఆ ఫైలు ఎక్కడ సేవ్ అయిందో వెతకడానికి నువ్వు ఎన్ని విండోలు తెరిచావో లెక్కపెట్టాను. ఏడు. ఆయన ఏమీ అనలేదు గానీ, చేతిలో పది రూపాయల నోటు మడుస్తూ విప్పుతూ నిలబడ్డాడు.

నీ తప్పేం లేదులే. సిస్టమ్ కొన్నది కొన్నట్టే వాడుతున్నావు. అద్దె ఇంట్లో దిగి, పాతవాళ్లు వదిలేసిన సామాను మధ్యే వంట చేసుకుంటున్నట్టుంది. ఒక గంట కూర్చుంటే సర్దుకోవచ్చు. పగలు కాదు, రాత్రి షట్టర్ సగం దించాక చెయ్యి.

మొదట స్టార్ట్ బటన్ను ఎడమ మూలకు తెచ్చుకో. నీది విండోస్ 11, అందులో అది మధ్యలో ఉంటుంది. టాస్క్‌బార్ అంటే స్క్రీన్ అడుగున ఉండే పొడుగు పట్టీ. దాని మీద ఖాళీ జాగాలో రైట్ క్లిక్ చేస్తే ‘టాస్క్‌బార్ సెట్టింగ్స్’ వస్తుంది. అందులో అడుగున ‘టాస్క్‌బార్ బిహేవియర్స్’ ఉంటుంది. అక్కడ అలైన్‌మెంట్‌ను సెంటర్ నుంచి లెఫ్ట్‌కు మార్చు. బాబాయి పాతకాలం మనిషి, అందుకే ఇలా అంటున్నాడనుకోకు. మూల అంటే మౌస్‌ను విసిరితే తనంతట తనే ఆగే చోటు. కళ్లు దస్తావేజు మీద పెట్టుకునే చేత్తో అక్కడికి పోవచ్చు. మధ్యలో ఉంటే ఇంకో చిక్కు కూడా ఉంది. కొత్త ప్రోగ్రామ్ తెరిచినప్పుడల్లా వరస మొత్తం కాస్త పక్కకు జరుగుతుంది. ఇందాక వర్డ్ ఉన్న చోట ఇప్పుడు ఇంకోటి ఉంటుంది.

1995లో విండోస్ 95తో వచ్చిన దగ్గర్నుంచి ఆ బటన్ ఆ మూలనే ఉండేది. 2012లో విండోస్ 8 వచ్చినప్పుడు ఏకంగా బటనే కనపడకుండా పోయింది. ఆ రోజుల్లో కొత్త సిస్టమ్ కొన్నవాళ్లు షట్‌డౌన్ ఎలా చెయ్యాలో తెలీక నాకు ఫోన్ చేసేవాళ్లు. మరుసటి ఏడు 8.1లో బటన్, 2015లో విండోస్ 10తో పూర్తి మెనూ తిరిగొచ్చాయి. నేను పదిలో టాస్క్‌బార్‌ను స్క్రీన్‌కు ఎడమ పక్కన నిలువుగా పెట్టుకునేవాణ్ణి. ఇప్పటి మానిటర్లు వెడల్పు, మన కాగితాలేమో పొడుగు. కింద ఆ పట్టీ లేకపోతే పేజీ ఇంకో రెండు లైన్లు కనపడేది. 2025 అక్టోబర్ 14తో పదికి సపోర్ట్ ఆగిపోయాక నేనూ పదకొండుకు మారాను. అది ఆ నిలువు పట్టీ వీలు లేకుండానే వచ్చింది. నెల రోజులు చెయ్యి పక్కకే పోయేది. తర్వాత అలవాటైంది.

అదే సెట్టింగ్స్ పేజీ పైభాగంలో సెర్చ్, టాస్క్ వ్యూ, విడ్జెట్స్ అని ఉంటాయి. మూడూ తీసెయ్. సత్తెనపల్లిలో ఎండ ఎంతుందో కొట్లో కూర్చున్నవాళ్లకు ఆ విడ్జెట్స్ చెప్పక్కర్లేదు. వాడని ప్రోగ్రామ్‌ల బొమ్మలన్నిటి మీదా రైట్ క్లిక్ చేసి అన్‌పిన్ చెయ్, అంటే పట్టీ మీంచి తీసెయ్.

ఇక నువ్వు వాడేవి ఆరు పిన్ చేసుకో, అంతకు మించి వద్దు. వరస ముఖ్యం. ఎందుకంటే విండోస్ బొమ్మ ఉన్న కీ పట్టుకుని 1 కొడితే వరసలో మొదటిది తెరుచుకుంటుంది, 2 కొడితే రెండోది, అలా 9 దాకా. నా కొట్లో 1 బ్రౌజర్, 2 వర్డ్, 3 ఫోల్డర్లు, 4 స్కానర్, 5 ఫొటోషాప్, 6 క్యాలిక్యులేటర్. పదేళ్లు దాటింది, ఈ వరస మార్చలేదు. ఈసీ కావాలని ఒకరు, అడంగల్ అని ఒకరు, పాస్‌పోర్ట్ సైజు ఫొటో అని ఇంకొకరు ఒకేసారి వచ్చినా నా వేళ్లకు తెలుసు. నీ వరస నీ పనిని బట్టి పెట్టుకో, నాది కాపీ కొట్టకు. పెట్టాక మాత్రం జరపకు. హెల్పర్ కుర్రాడికి కూడా ఆ మాట గట్టిగా చెప్పు.

ఇప్పుడు చెప్పబోయేది నాకు డబ్బు పోయి తెలిసింది. విండోస్ 7 కాలం. అంతకు ముందు టాస్క్‌బార్‌లో ఫైలు పేరు రాసి ఉండే పొడుగాటి బటన్లు ఉండేవి. ఏడులో అవి పోయి ఉత్త బొమ్మలు మిగిలాయి. ఒకే ప్రోగ్రామ్‌లో నాలుగు ఫైళ్లు తెరిచినా ఒకటే బొమ్మ. చూడ్డానికి నీట్‌గా ఉందని నేనూ అలాగే వదిలేశాను. మంచి రోజులు, రిజిస్ట్రేషన్లు బారులు తీరాయి. వర్డ్‌లో రెండు విక్రయ దస్తావేజులు తెరిచి ఉన్నాయి, రెండూ ఒకే ఊరివి, ఒకే ఫార్మాట్. ఒకాయన వచ్చి ఉత్తరం హద్దు తప్పు పడిందన్నాడు. హడావిడిలో బొమ్మ మీద మౌస్ పెట్టి, వచ్చిన రెండు చిన్న బొమ్మల్లో ఒకటి నొక్కి, హద్దు దిద్ది, స్టాంపు పేపర్ పెట్టి ప్రింట్ కొట్టేశాను. ఆయన తీసుకుని చదివి, “ఏమయ్యా, మా పొలానికి ఉత్తరాన చెరువు ఎప్పుడొచ్చింది?” అన్నాడు. ఆయన హద్దు పోయి పక్కవాళ్ల దస్తావేజులో చేరింది, పక్కవాళ్ల కాగితం ఆయన చేతికొచ్చింది. స్టాంపు పేపర్ ఖర్చు నేనే పెట్టుకున్నాను. అది పోతే పోయింది. ఆయన చదవకుండా సంతకం పెట్టి ఉంటే ఏమయ్యేదో అని మీ పిన్నికి కూడా వారం దాకా చెప్పలేదు.

అందుకని బిహేవియర్స్‌లోనే ‘కంబైన్ టాస్క్‌బార్ బటన్స్ అండ్ హైడ్ లేబుల్స్’ అని ఉంటుంది, దానికి ‘నెవర్’ పెట్టు. పదకొండు వచ్చిన కొత్తలో ఈ వీలు లేదు, 2023లో వచ్చిన అప్‌డేట్లతో చేరింది. ఇప్పుడు ప్రతి ఫైలుకూ పేరుతో సహా వేరే బటన్ వస్తుంది. పట్టీ కిక్కిరిసినట్టు ఉంటుంది, ఉండనీ. ఫైలుకు పేరు పెట్టేటప్పుడు కూడా పార్టీ ఇంటిపేరు ముందు రాయి. ‘సేల్ డీడ్ కొత్తది ఫైనల్ 2’ అని పెడితే బటన్ మీద ‘సేల్ డీడ్’ దాకానే కనపడుతుంది, మళ్లీ కథ మొదటికే వస్తుంది.

కుడి మూల గడియారం పక్కన ఒక చిన్న బాణం గుర్తు ఉంది చూడు. దాని వెనక చాలా దాక్కుని ఉంటాయి. తెలుగు టైపుకు అను స్క్రిప్ట్ మేనేజర్ వాడుతున్నావు కాబట్టి దాన్ని బయటికి తెచ్చుకో. ‘అదర్ సిస్టమ్ ట్రే ఐకాన్స్’లో ఆన్ చేస్తే ఎప్పుడూ కళ్లెదుటే ఉంటుంది. మామూలు యూనికోడ్ తెలుగు కీబోర్డుకు, ఇంగ్లిష్‌కు మారడానికి విండోస్ కీతో స్పేస్‌బార్ నొక్కితే చాలు. ఇప్పుడు ఏ భాషలో ఉన్నావో ఆ మూలలోనే కనపడుతుంది. టైపు మొదలుపెట్టే ముందు ఓసారి అటు చూడు.

రైట్ క్లిక్ మెనూ సంగతి. పదకొండులో దాన్ని కురచ చేశారు, మిగతావన్నీ ‘షో మోర్ ఆప్షన్స్’ కింద ఉన్నాయి. షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్ చేస్తే నేరుగా పాత మెనూనే వస్తుంది. అందులో ‘సెండ్ టు’ ఉంటుంది చూడు, నా కొట్టు సగం దాని మీదే నడుస్తోంది. దాన్ని మనకు కావలసినట్టు మార్చుకోవచ్చని చాలామందికి తెలీదు. విండోస్ కీతో ఆర్ కొట్టు. వచ్చిన పెట్టెలో ఇంగ్లిష్‌లో షెల్ అని రాసి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా సెండ్‌టు అని కలిపి రాసి ఎంటర్ నొక్కు. ఒక ఫోల్డర్ తెరుచుకుంటుంది. ‘ఈరోజు పని’ అని ఒక ఫోల్డర్ చేసుకుని, దాని షార్ట్‌కట్ తెచ్చి అందులో పడెయ్. ఇక స్కాన్ చేసినా, డౌన్‌లోడ్ చేసినా, ఫైలు మీద రైట్ క్లిక్, సెండ్ టు, ఈరోజు పని. ఆ ఏడు విండోల వెతుకులాట ఉండదు. ఒక్కటి గుర్తుంచుకో. ఫైలు, ఫోల్డర్ ఒకే డ్రైవ్‌లో ఉంటే అది కాపీ కాదు, ఫైలే అక్కడికి వెళ్లిపోతుంది. కస్టమర్ పెన్‌డ్రైవ్ నుంచి పంపితే మాత్రం కాపీ అవుతుంది, వాళ్లది వాళ్ల దగ్గరే ఉంటుంది.

స్టార్ట్ మెనూ నొక్కగానే కింద నిన్నటి ఫైళ్ల పేర్లు కనపడుతున్నాయి. ఫలానావారి ఆధార్, ఫలానావారి విడాకుల పిటిషన్ అని. ఎదురుగా కూర్చున్నవాళ్లు చదవరా? మనది చిన్న ఊరమ్మా. సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, అందులో స్టార్ట్‌కు వెళ్లి, ఈమధ్య తెరిచిన ఫైళ్లు చూపించే ఆప్షన్ ఆపెయ్. టాస్క్‌బార్ బొమ్మల మీద రైట్ క్లిక్ చేస్తే వచ్చే పాత ఫైళ్ల లిస్టు కూడా దాంతోపాటే పోతుంది. అది నీకు పనికొచ్చేదే, తెలుసు. అయినా ఆపెయ్.

టాస్క్‌బార్ దానంతటదే దాక్కునే ఆటోహైడ్ జోలికి పోకు, మౌస్ కిందికి వెళ్లినప్పుడల్లా లేచి వచ్చి పేజీ అడుగున ఉన్న సంతకాల లైను మూసేస్తుంది. యూట్యూబ్‌లో చూసి, విండోస్ లోపలి సెట్టింగ్స్ ఉండే రిజిస్ట్రీలో వేలు పెట్టొద్దు. మెనూ రూపం మార్చే బయటి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, ఓపెన్-షెల్ లాంటివి. ఇంట్లో వాడుకో, సరదాగా ఉంటాయి. కొట్లో వద్దు. ఒక అప్‌డేట్ వచ్చి తేడా చేస్తే, సరిచేసుకునే దాకా జనం ఆగరు.

ఎప్పుడైనా టాస్క్‌బార్ బిగుసుకుపోతే కంగారుపడి స్విచ్ ఆపకు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కు. టాస్క్ మేనేజర్‌లో విండోస్ ఎక్స్‌ప్లోరర్ పట్టుకుని రీస్టార్ట్ చెయ్. పట్టీ ఒక్క క్షణం మాయమై మళ్లీ వస్తుంది. వర్డ్‌లో టైపు చేసింది ఎక్కడికీ పోదు.

వరస పెట్టుకున్నాక ఫోన్లో ఫొటో తీసి పంపు, చూస్తాను. మీ పిన్ని గోంగూర పచ్చడి కట్టింది, శుక్రవారం మీ తమ్ముడు తెస్తాడు. సీసా కీబోర్డు పక్కన మాత్రం పెట్టకు.

మీ బాబాయి