అయిదున్నర వ్యాయామానికి బయల్దేరబోతున్న అబ్బాయికి

చిరంజీవి అబ్బాయికి,

బాబాయి ఆశీస్సులు. ఇక్కడ నార్త్ కరోలినాలోని కేరీలో మేమంతా క్షేమం. షార్లట్‌లో ఇల్లు సర్దుకోవడం అయిందని, పక్కింటాయన తెల్లవారుజామున అయిదున్నరకి మగవాళ్ళంతా కలిసి చేసే వ్యాయామానికి రమ్మంటున్నాడని, వెళ్ళాలో వద్దో తేలడం లేదని రాశావు. వెళ్ళు. ఫోన్లో చెబితే ఊ కొట్టి వదిలేస్తావని తీరిగ్గా రాస్తున్నాను.

ఆయన చెబుతున్నది ఎఫ్3 గురించే. ఫిట్‌నెస్, ఫెలోషిప్ (స్నేహం), ఫెయిత్ (విశ్వాసం), ఇవీ ఆ మూడు ఎఫ్‌లు. నేను కేరీలో వెళ్ళేదీ అదే. అది పుట్టింది మీ ఊళ్ళోనే. 2011 జనవరి 1న డేవిడ్ రెడింగ్, టిమ్ విట్‌మైర్ అనే ఇద్దరు అక్కడ మొదలుపెట్టారు. నియమాలు అయిదే. డబ్బు తీసుకోరు. మగవాడైతే చాలు, ఎవరైనా రావచ్చు. వానొచ్చినా చలేసినా ఆరుబయటే చేస్తారు. జీతం తీసుకునే కోచ్ ఉండడు, వచ్చేవాళ్ళే వంతులవారీగా నడిపిస్తారు. ఆఖర్న అందరూ గుండ్రంగా నిలబడి ముగిస్తారు. బడి మైదానమో పార్కింగ్ స్థలమో పార్కో చూసుకుని ముప్పావుగంట చేస్తారు. పేరు రాయించుకోవాల్సిన పని లేదు.

ముందు నీ ఒంటి సంగతి. ఏ1సీ, అదే మూడు నెలల సగటు షుగరు చెప్పే రక్తపరీక్ష, 6.1 వచ్చిందన్నావు. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే ప్రీడయాబెటిస్, అంటే షుగరు జబ్బుకి ముందు దశ అంటారు. బరువు పెద్దగా లేదు కదా అని ధీమా పడకు. షుగరు పరీక్ష చేయించుకోవాల్సిన విషయంలో మిగతావాళ్ళకి బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు కొలత) 25 హద్దయితే, ఆసియా మూలాలున్నవాళ్ళకి 23 అని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ పెట్టింది. మనవాళ్ళకి గుండెజబ్బులు కూడా చిన్న వయసులోనే వస్తాయి. మీ తాతయ్యకి ఏ వయసులో వచ్చిందో నీకు తెలుసు. అందుకని వెళ్ళేముందు డాక్టరుకి చెప్పు, మెట్లెక్కేటప్పుడు ఛాతీలో పట్టేసినట్టు ఎప్పుడైనా అనిపించిందా అన్నది దాచకుండా చెప్పు. ఇప్పుడు నీకు మందులేం లేవు కాబట్టి పరగడుపున చేసినా ఇబ్బంది ఉండదు. రేపెప్పుడైనా షుగరు బాగా దించే మాత్రలు మొదలుపెడితే మాత్రం డాక్టరుని అడక్కుండా ఖాళీ కడుపుతో పరిగెత్తవద్దు. అప్పుడు జేబులో గ్లూకోజ్ బిళ్ళలు ఉండాలి.

నిద్ర దగ్గరే మనవాళ్ళు చాలామంది ఆగిపోతారు. రాత్రి పదిన్నరకి ఇండియా టీముతో కాల్, ఆ తర్వాత భోజనం, పడుకునేసరికి పన్నెండు. నాలుగున్నర గంటల నిద్రతో లేచి పరిగెత్తితే నెల తిరక్కుండా మోకాలో మడమో పట్టేస్తుంది. ఆ కాల్‌ని పొద్దున ఏడున్నరకి మార్చమని మేనేజర్ని అడుగు. వేసవిలో అప్పుడు హైదరాబాద్‌లో సాయంత్రం అయిదు, చలికాలంలో ఆరు. వాళ్ళకీ అది మెలకువగా ఉండే వేళే, కాబట్టి అడిగి చూడు. అన్నం ఏడున్నరకల్లా తినేయి, తొమ్మిదిన్నరకి దీపం ఆర్పేయి. అన్ని రోజులూ కుదరదు, తెలుసు. వారంలో కుదిరే మూడు రోజులు చూసుకుని వాటిని కాపాడుకో.

ఇంట్లో కోడలమ్మాయితో మాట్లాడకుండా మాత్రం మొదలుపెట్టకు. నువ్వు బయటికి వెళ్ళిన ఆ గంటన్నర పిల్లలు లేస్తే చూసేది తను. ఆరున్నరకల్లా ఇంట్లో ఉండి, టిఫిన్ బాక్సులు కట్టే పని నువ్వు తీసుకో. ఇదే పద్ధతిలో ఆడవాళ్ళకి ఫియా అని ఉంది, అదీ ఉచితమే. తనకి ఇష్టమైతే రోజులు పంచుకోండి.

కట్టుకునే బట్టల గురించి ఎక్కువ ఖర్చు పెట్టకు. నూలు బనీను వద్దు, చెమటకి తడిసి చలికాలంలో వణికిస్తుంది, ఎండాకాలంలో ఒరిపిడి పెడుతుంది. పాలియెస్టర్‌ది ఏదైనా సరే. జనవరిలో ఆ వేళకి చాలా రోజులు 32 ఫారన్‌హీట్ కిందే ఉంటుంది, నేలమీద చేతులు పెట్టి పుషప్‌లు చేయాలి, అందుకని పనివాళ్ళు వేసుకునే చేతితొడుగులు కొను. ఏడాదిలో చాలాకాలం ఆ వేళ చీకటే కాబట్టి తలకి కట్టుకునే లైటు, మెరిసే వెస్టు తప్పనిసరి. రోడ్డుమీద పరిగెత్తేటప్పుడు ఎడమ పక్కన ఉండు, ఎదురొచ్చే కారు నీకు కనపడాలి. ఇండియాలో ఇది కుడి పక్క, అలవాటు మార్చుకోవాలి. చెవుల్లో ఏమీ పెట్టుకోకు.

మొదటి రోజు ఏం జరుగుతుందో చెబుతాను, కంగారు పడకుండా. నడిపించే మనిషిని క్యూ అంటారు. అతను తాను శిక్షణ పొందిన నిపుణుణ్ణి కాననీ, ఎవరి ఒంటిని బట్టి వాళ్ళు చేసుకోండనీ ముందే చెబుతాడు. ఆ మాట లాంఛనం కాదు. పుషప్‌లని మెర్కిన్స్ అంటారు. ఇరవై చేయమంటే నీకు ఎనిమిదే వస్తే, మోకాళ్ళు ఆనించి మిగతావి చెయ్యి, లేదా ఆగు. పాత వాడికి దీటుగా చేసి చూపించాలని మొదటి వారమే వందలకి వందలు చేసిన మనిషికి కండరాలు దెబ్బతిని మూత్రపిండాల మీదికి రావచ్చు. ఒకటి రెండు రోజుల్లో మూత్రం కోకాకోలా రంగులో కనిపిస్తే ఆలోచించకుండా ఆస్పత్రికి వెళ్ళు. ఛాతీ నొప్పి, ఎడమ చేతిలో లాగుడు, కళ్ళు తిరగడం, ఇవి వస్తే అక్కడే కూర్చుని పక్కవాడితో 911కి ఫోన్ చేయించు. నలుగురి ముందు బాగుండదని ఇంటిదాకా కారు నడుపుకుంటూ రావద్దు.

ఇక నీకు అసలు చెప్పాలనుకున్నది. గుంపులో అందరికంటే వెనకున్న మనిషిని వాళ్ళు సిక్స్ అంటారు. పరుగు ముందుగా ముగించినవాళ్ళు ఊరికే నిలబడరు, వెనక్కి పరిగెత్తి సిక్స్‌ని కలుసుకుని అతనితో పాటు మళ్ళీ వస్తారు. మొదటి కొన్ని వారాలు ఆ సిక్స్ నువ్వే అవుతావు. అప్పుడు మన నోటికి వెంటనే వచ్చే మాట ఒకటుంది: "పర్వాలేదండీ, మీరు వెళ్ళండి." ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదని చిన్నప్పటినుంచీ నేర్పారు కదా. ఆ మాట అనకు. వాళ్ళని నీతో పరిగెత్తనివ్వు. ఊపిరి అందితే పిల్లల గురించి, ఉద్యోగం గురించి మాట్లాడు, అందకపోతే విను. నువ్వు వెళ్ళమంటే ఆ మనిషి మర్యాదకొద్దీ వెళ్ళిపోతాడు, నువ్వు నాలుగో రోజు రావడం మానేస్తావు. అలా మానేసిన మనవాళ్ళని చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఈ దేశంలో నలభై దాటిన తెలుగువాడికి ఆఫీసు ఉంటుంది, శనివారం విందులు ఉంటాయి, వాట్సాప్ గ్రూపులు ఉంటాయి. ఒకరోజు కనపడకపోతే "ఏమయ్యావు?" అని అడిగే మగస్నేహితుడు మాత్రం ఉండడు. నువ్వు కాలేజీలో ఉన్నప్పుడు నీ చుట్టూ ఎప్పుడూ పదిమంది ఉండేవారు. గత రెండేళ్ళుగా నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా నీ గొంతులో ఆ లోటు నాకు వినిపిస్తూనే ఉంది. షుగరు నడకతో కూడా తగ్గుతుంది. నేను నిన్ను అక్కడికి పంపుతున్నది ఆ స్నేహితుల లోటు తీరడం కోసం.

ప్రార్థన గురించి అడిగావు. మూడు ఎఫ్‌లలో ఒకటి ఫెయిత్, నిజమే. ఆఖర్న వలయంలో ఒక్కొక్కరూ తమ పేరు, వయసు, అక్కడి ముద్దుపేరు చెబుతారు. కొత్తవాడివి కాబట్టి నీ ఊరు, ఉద్యోగం అడిగి నీకూ ఒకటి పెడతారు. నచ్చకపోతే నవ్వుతూనే చెప్పు. తర్వాత ఎవరింట్లో జబ్బు, ఎవరికి ఉద్యోగం పోయింది అన్నవి చెప్పుకుంటారు. ఆనాటి క్యూ నాలుగు మాటలు ప్రార్థిస్తాడు. ఎక్కువమంది క్రైస్తవులు కాబట్టి వాళ్ళ పద్ధతిలో ఉంటుంది. ఏ మతమైనా, ఏ మతమూ లేకపోయినా రావచ్చన్నది వాళ్ళు స్పష్టంగా చెప్పే మాట. తల వంచుకుని నిలబడు, నీ ఇలవేల్పుని తలుచుకో. మా దగ్గర నా వంతు వచ్చినప్పుడు "సర్వేజనాః సుఖినోభవంతు" అని, దాని అర్థం ఇంగ్లీషులో చెబుతాను. ఒకతను భార్యకి ఆపరేషన్ ఉన్న వారం ఆ మాట మళ్ళీ చెప్పమని నన్ను అడిగాడు. నీ దేవుణ్ణి ఇంట్లో వదిలేసి వెళ్ళాల్సిన పని లేదు.

రెండు మూడు నెలలయ్యాక నడిపించమని నిన్ను అడుగుతారు. ఒప్పుకో. మనవాళ్ళు క్రమం తప్పకుండా వస్తారు, ఈ ఒక్కటి అడిగితే మాత్రం వెనకడుగు వేస్తారు, అది నాకు నచ్చదు. చేయించేవన్నీ ఒక కాగితం మీద రాసుకో, ముందురోజు ఆ చోటంతా నడిచి చూడు, ఫోన్ దగ్గరుంచుకో, గుండె ఆగినవాళ్ళకి ఛాతీ నొక్కి ప్రాణం నిలిపే సీపీఆర్ ఈలోపే నేర్చుకో. చేయించేటప్పుడు లెక్క బిగ్గరగా చెప్పు. నీ యాస వాళ్ళకి అర్థమవుతుంది.

అయిపోగానే కారెక్కి వెళ్ళిపోకు. వారానికి ఒక్కరోజైనా వాళ్ళతో కాఫీకి ఆగు. నీ పెద్దవాడి సాకర్ కోచ్ ఎవరు మంచివాడో, ఇంటి పైకప్పు ఎవరితో వేయించాలో అక్కడే తెలుస్తుంది. ఎవరైనా రెండు వారాలు కనపడకపోతే మెసేజ్ పెట్టే పని నువ్వు తీసుకో.

ఈ రాత్రే పక్కింటాయనకి చెప్పు, రేపు తన కార్లోనే వస్తానని. ఒక మనిషి నీకోసం వాకిట్లో కారు ఆపుకుని ఉంటే మంచం దిగక తప్పదు.

వచ్చే నెల రెండో శనివారం పిన్నీ నేనూ మీ ఇంటికి వస్తున్నాం. శనివారాలు మామూలుగా ఏడింటికే మొదలవుతుంది, గంటసేపు ఉంటుంది. ఎక్కడో కనుక్కుని ఉంచు, నేనూ వస్తాను. అమ్మాయికీ పిల్లలకీ మా ఆశీస్సులు.

ఇట్లు,
మీ బాబాయి