హరిశ్చంద్ర వేషం కట్టబోతున్న మా మేనల్లుడికి

చిరంజీవి రఘుకి మీ అత్తయ్య ఆశీస్సులు.

నువ్వు సొంతంగా నాటక సమాజం పెట్టి సత్య హరిశ్చంద్ర వేస్తున్నావని, హరిశ్చంద్రుడివి నువ్వేనని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. మన ఇంట్లో ఆ వేషం మళ్లీ ఎవరూ కట్టరనే అనుకున్నాను. ఆ తర్వాత నువ్వు వాట్సాప్‌లో పెట్టిన పాంప్లెట్ చూశాను. శనివారం తెనాలి, ఆదివారం ఒంగోలు, రెండుచోట్లా మొదటి నుంచి చివరిదాకా నువ్వే. ఇక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మీ అమ్మేమో "కుర్రాడు కదా వదినా, తట్టుకుంటాడులే" అంది. అందుకే నీకే రాస్తున్నాను, ఫోన్ చేస్తే "సరే అత్తయ్యా" అని పెట్టేస్తావు.

చిన్నవి ముందు చెప్పేస్తా. హాలుకి అడ్వాన్సు కట్టగానే రసీదు తీసుకో. డ్రెస్సులు, పరదాలు అద్దెకిచ్చేవాళ్లని ముందు రోజే రమ్మను, కిరీటం నీ తలకి పడుతుందో లేదో మేకప్ వేసుకున్నాక చూసుకుంటే లాభం లేదు. మీసాలకి వాడే స్పిరిట్ గమ్ కొందరి ఒంటికి పడదు, ముందే చేతి మీద రాసి చూసుకోండి. పద్యాలన్నీ అందరికీ నోటికి రావాలి, సెల్‌ఫోన్ చూసి చదివేది రిహార్సల్ కాదు.

మ్యూజిక్ ట్రాక్ పెడదామనుకుంటున్నావట. వద్దు నాన్నా. పద్య నాటకంలో నటుడి వెంట హార్మోనియం నడవాలి గానీ, ట్రాక్ వెంట నటుడు పరిగెత్తకూడదు. పద్యం అయ్యాక రాగం ఎంతసేపు తియ్యాలో ఆ పూట నీ గొంతు చెబుతుంది, ఎదురుగా కూర్చున్న జనం చెబుతారు. ఒక్కోసారి నాలుగో పాదం దగ్గర కాస్త ఆగాలనిపిస్తుంది. నువ్వు ఆగితే హార్మోనిస్టు ఆగుతాడు, ట్రాక్ ఆగదు. సురభి నాటక కుటుంబాల వాళ్లని చూడు, 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచక వధతో మొదలుపెట్టారు. మాయాబజార్‌లో ఎన్ని మాయలు చేసినా, ఎన్ని లైట్లు తెచ్చినా, స్టేజీ దగ్గర హార్మోనియం, తబలా మాత్రం తీసెయ్యలేదు. పద్య నాటకం ఇప్పుడెవరు చూస్తారు, ఖర్చెందుకు అని నీకెవరో సలహా ఇచ్చారట. 2023 డిసెంబరులో గుంటూరులో నంది నాటకోత్సవాలు జరిగాయి కదా, రాష్ట్రం నలుమూలల నుంచీ సమాజాలు వచ్చాయి. ఆడేవాళ్లూ ఉన్నారు, చూసేవాళ్లూ ఉన్నారు. బాగా పాడితే కూర్చుంటారు.

హార్మోనిస్టుని ఒక్కణ్నే పెట్టుకో, రిహార్సల్‌కి ఒకరు, ప్రదర్శనకి ఒకరు పనికిరాదు. హరిశ్చంద్ర వేషానికి పేరుపడ్డ డి.వి. సుబ్బారావు గారి పాత రికార్డులు విని ఆయన శ్రుతిలో పాడాలని మాత్రం చూడకు. అది ఆయన గొంతు. నీకూ, చంద్రమతి వేసే అమ్మాయికీ ఇద్దరికీ హాయిగా పలికే శ్రుతి వెతుక్కోండి. వెనక వరసదాకా వినపడాలంటే మైకులు లేని రోజుల్లో అరవక తప్పేది కాదు, ఇప్పుడు నీకా అవసరం లేదు.

పాంప్లెట్‌లో ఇంకో లోపం ఉంది. నాటకం రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి పేరొక్కటే వేశావు. కాటి సీనులో మనం పాడే పద్యాల్లో కొన్ని జాషువా గారివిరా, ఆయన శ్మశానవాటి ఖండికలోవి. నాటకంలో ఎప్పుడో కలిసిపోయాయి, చాలామంది బలిజేపల్లి వారివే అనుకుంటారు. అంటరానితనాన్ని ఒళ్లంతా అనుభవించిన కవి పద్యాలతో చప్పట్లు కొట్టించుకుంటూ ఆయన పేరు వెయ్యకపోవడం అన్యాయం. మళ్లీ అచ్చు వేయించు. హరిశ్చంద్రుణ్ని కొనుక్కునే వీరబాహు సీనులో కూడా పుస్తకంలో ఉన్నదే ఉండాలి. ఊరూరా నటులు అతికించిన కులాల మాటలు, తాగుబోతు జోకులు ఒక్కటి వినపడినా నేను లేచి వెళ్లిపోతాను. చింతామణికి ఏమైందో చూశావుగా. కాళ్లకూరి నారాయణరావు గారు వ్యసనాల మీద రాసిన నాటకంలో సుబ్బిశెట్టి పాత్ర చుట్టూ ఏళ్ల తరబడి వెకిలితనం పేర్చారు, ఒక కులం వాళ్ల మనసు కష్టపెట్టారు, చివరికి 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటకాన్నే నిషేధించింది. జోకులు వేసింది కొందరు, తిండి పోయింది ఆ నాటకాన్ని నమ్ముకున్న అందరికీ.

ఇక అసలు సంగతి. మీ తాతయ్య గొంతు పొగాకు వల్ల పోయిందని మీ నాన్న నీతో చెప్పి ఉంటాడు. వాడప్పుడు ఉయ్యాల్లో ఉన్నాడు, వాడికేం తెలుసు. నేను చూశాను, నేను చెబుతాను.

అప్పట్లో కాంట్రాక్టు నాటకాలు. కాంట్రాక్టరు ఊరి పెద్దలతో డబ్బు మాట్లాడుకుని ఒక్కో నటుణ్ని ఒక్కో ఊరి నుంచి పిలిపించేవాడు. ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు హరిశ్చంద్రులు ఉండేవారు, వారణాసి సీనుకి ఒకరు, కాటి సీనుకి ఒకరు. ఇప్పటివాళ్లకి అది విడ్డూరంగా ఉంటుంది గానీ, దానివల్ల తెల్లవార్లూ ఒకే గొంతు మీద బరువు పడేది కాదు. ఆ ఏడు శివరాత్రి తిరునాళ్ల రోజుల్లో కాంట్రాక్టరు వరసగా రెండు రాత్రులు రెండు ఊళ్లకి ఒప్పుకున్నాడు. రెండో హరిశ్చంద్రుడికి డబ్బెందుకు దండగ అని రెండు రాత్రులూ మొత్తం వేషం మా నాన్ననే, అంటే మీ తాతయ్యనే కట్టమన్నాడు. నాన్న సరేనన్నాడు. డబ్బు అవసరం ఉంది, నిజమే. కానీ నాటకమంతా ఒక్కడే మొయ్యాలన్న ఆశ అంతకంటే ఎక్కువ ఉంది. ఆ ఆశ నీలో కూడా ఉంది, అదే నా భయం.

మొదటి రాత్రి అడుగడుక్కీ వన్స్ మోర్. అడిగిన ప్రతిసారీ పాడాడు, చొక్కాకి నోట్లు గుచ్చారు. తెల్లవారాక బస్సు మీద రెండో ఊరు చేరాం, దారంతా దుమ్ము. పగలు పడుకోనివ్వకుండా ఊరివాళ్లు వచ్చి ఒక్క పద్యం అంటే వాళ్లకీ పాడాడు. సాయంత్రానికి గొంతు బొంగురుపోయింది. చంద్రమతి వేసే ఆవిడ "మాస్టారూ, ఇవాళ అర శ్రుతి తగ్గించండి" అని బతిమాలింది. తగ్గిస్తే జనం లేచిపోతారని కాంట్రాక్టరు పడనివ్వలేదు. ఒకరు మిరియాల కషాయం తెచ్చారు, ఒకరు పటికబెల్లం నోట్లో వేశారు. పడుకోమని మాత్రం ఎవరూ అనలేదు.

నేను హరిశ్చంద్రుడి కొడుకు లోహితాస్యుణ్ని. కాటి సీను మొదట్లో నాన్న ఒక్కడే పాడే పద్యాలు వింగులో నిలబడి విన్నాను. పైకి వెళ్లబోయే ముందు గొంతులోంచి గాలి పోతోంది. జనానికి తెలీలేదు, వన్స్ మోర్ అన్నారు, మళ్లీ పాడాడు. తర్వాత చంద్రమతి నన్ను ఎత్తుకొచ్చి పడుకోబెట్టింది. నా పని కళ్లు మూసుకుని, దోమ కుట్టినా కదలకుండా ఉండటమే. చచ్చిపోయింది తన కొడుకేనని తెలిసి ఏడ్చే పద్యం వచ్చింది. నా మీదకి వంగి ఎత్తుకున్నాడు. పై షడ్జం, అంటే పై స్థాయి 'స' దగ్గర గొంతు లేదు. పగలడం కూడా పగల్లేదు, ఉత్త ఊపిరి నా ముఖం మీద తగిలింది. ఆయన అందుకుంటాడేమోనని హార్మోనియం ఆ స్వరం మీదే నిలబడి ఉంది. చంద్రమతి చెయ్యి నా భుజం మీద బిగుసుకుంది. జనం ముందు అభినయం అనుకున్నారు, తర్వాత ఈలలు వేశారు.

అప్పుడైనా కొన్నాళ్లు నోరు మూసుకుని ఉంటే బాగయ్యేదేమో. అడ్వాన్సు తీసుకున్నాం కదా అని వారం తిరక్కుండా ఇంకో ఊరు వెళ్లాడు. స్వరపేటిక మీద కాయ కట్టిందని డాక్టరు చెప్పేనాటికి ఆలస్యమైపోయింది. మాట మిగిలింది, పద్యం పోయింది. తర్వాత చంద్రమతిని కొనుక్కునే కాలకౌశికుడి వేషం వేశాడు, పిల్లలకి అరుగు మీద పద్యాలు నేర్పాడు. తను పాడలేని పై స్థాయి వచ్చినప్పుడల్లా చెయ్యి పైకెత్తి ఇక్కడికి వెళ్లాలిరా అని చూపించేవాడు. నువ్వూ అలాగే నేర్చుకున్నావు. నీ రిహార్సల్ వీడియోలో పై స్థాయికి వెళ్లిన ప్రతిసారీ నీ కుడిచెయ్యి లేస్తోంది. అది అభినయం అనుకుంటున్నావేమో, మీ తాతయ్య చెయ్యి అది. చూసి ఏడ్చాను.

అందుకని తిడుతున్నాను, విను. పొద్దున్నుంచి ఆఫీసు మీటింగుల్లో వాగి, రాత్రి పదింటికి ఏసీ గదిలో నిండు గొంతుతో రిహార్సలా? బుద్ధుందా నీకు? ఆదివారం షో వాయిదా వెయ్యి. కుదరకపోతే వారణాసి వరకు మీ సమాజంలో ఇంకొకరికి ఇవ్వు, పాతకాలంలో అలాగే నడిచింది, అందులో నామోషీ లేదు. ఈ వారమే ఈఎన్‌టీ డాక్టరుకి గొంతు చూపించు. ప్రదర్శన ముందు నాలుగైదు రోజులు పద్యాలు మనసులోనే నడుపుకో, పైకి పాడకు. బొంగురుగా ఉన్నప్పుడు గుసగుసగా మాట్లాడితే మేలనుకుంటారు, అది ఇంకా చెరుపు, అసలు మాట్లాడకు. వన్స్ మోర్ ఒక్కటంటే ఒక్కటి, అదీ వారణాసి సీనులోపే. కాటి సీనులో ఎంత అరిచినా వద్దు, అక్కడ ఆగితే కథ కూడా చచ్చిపోతుంది. ఆ రోజు గొంతు పట్టేస్తే నాటకం ఆపెయ్యి. హాలు డబ్బు పోతే నేనిస్తాను, నా పెన్షన్ ఉంది. ఇంకోటి, తెనాలిలో ఆట అయ్యాక రాత్రికి రాత్రి బయల్దేరకండి, డ్రైవరు కూడా పడుకోవాలి.

లోహితాస్యుడు ఎవరో పాంప్లెట్‌లో వెయ్యలేదు. ఎవరి పిల్లాడైనా సరే పేరు వేయించు. ఏడింటికల్లా అన్నం పెట్టించు, కాళ్లకి ఓడోమాస్ రాయించు, తన సీను లేనప్పుడు పడుకోనివ్వు. మీరంతా ఏడ్చేది నటన అని ముందే చెప్పు, లేకపోతే నిజమనుకుని భయపడతారు ఆ వయసులో.

ఒంగోలు వాళ్లకి ఇవాళే ఫోన్ చెయ్యి, ఏమన్నారో నాకు చెప్పు. తెనాలికి నేను వస్తున్నాను. ముందు వరసలో కూర్చుంటాను, కాటి సీనులో వన్స్ మోర్ అన్నవాళ్ల సంగతి నేను చూసుకుంటాను.

మీ అత్తయ్య