అడగండి, చెబుతాం: ఉప్పు ఆలస్యమైతే తోలు మీది బొచ్చు మీద ఆశ వదులుకోవాల్సిందే

(వేటకు అనుమతి ఉన్న చోట, అనుమతి ఉన్న జంతువు గురించే అడుగుతున్నారని అనుకుని జవాబులు రాస్తున్నాం.)

ప్రశ్న: సాయంత్రం వేటాడిన జింకను రాత్రంతా అలాగే వేలాడదీసి, మర్నాడు చర్మం ఒలిచి మధ్యాహ్నానికి ఉప్పు పట్టించాను. తోలు పదును చేద్దామని యాసిడ్ నీళ్లలో వేసిన రెండో రోజు నుంచి పొట్ట దగ్గర, చెవుల చుట్టూ బొచ్చు కుచ్చులుగా ఊడొస్తోంది. యాసిడ్ ఎక్కువైందా? ఊడకుండా ఏదైనా మందు ఉందా?

జవాబు: మందు లేదండీ. ఆ మాట ముందే చెప్పేస్తే తొట్టి చుట్టూ తిరిగే టెన్షన్ అయినా తప్పుతుంది. యాసిడ్‌ను తిట్టుకోకండి, పాపం దాని తప్పేం లేదు. వెంట్రుక కుదురు చర్మంలోని చిన్న గుంటలో ఉంటుంది, జంతువు చచ్చిన తర్వాత ఒంట్లో వేడి తగ్గకపోతే బ్యాక్టీరియా ముందు తినేది ఆ గుంట గోడల్నే. పైకి చర్మం బాగానే కనిపిస్తుంది, తడిపి కదిలించినప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. పొట్ట దగ్గరే ఎందుకంటే పేగులు ఆనుకుని ఉండేది అక్కడే, ఆ వేడీ ఆ మురికీ ముందు దానికే తగులుతాయి. చెవుల సంగతి వేరు. చెవి తోలును లోపలి నుంచి తిరగేసి మృదులాస్థి విడదీయకపోతే ఉప్పు లోపలికి దిగే దారే ఉండదు. పెదవులు కూడా అంతే, చీల్చి తెరవాలి.

ఈసారి వేడి ఆరకముందే ఒలిచేయండి. తర్వాత కొవ్వు, మాంసం ముక్కలు, పల్చటి పొరలు అన్నీ గీకేయాలి, చాలామంది బద్ధకించేది ఇక్కడే. కొవ్వు ఉన్న చోట ఉప్పు దిగదు, మీరు ఎంత గుమ్మరించినా పైనే ఉండిపోతుంది. ఉప్పు మెత్తటిదే వాడండి, కల్లుప్పు అక్కడక్కడే పని చేస్తుంది. తోలు బరువులో కనీసం సగం, వీలైతే తోలంత బరువు పట్టాలి. అంచుల దాకా చేత్తో రుద్ది, నీరు కారిపోయేలా వాలుగా పరవండి. మర్నాడు తడిసిన ఉప్పు దులిపేసి కొత్తది వేయాలి. దులిపిన ఉప్పును దాచి ఇంకో తోలుకు వాడొద్దు, అందులో నెత్తురూ బ్యాక్టీరియా ఉంటాయి. ఉప్పు వేసే తీరిక లేకపోతే ఫ్రీజర్‌లో పెట్టండి, కానీ చుట్ట చుట్టి కాదు, వదులుగా పరిచి. చుట్ట నడుమ భాగం చల్లబడడానికి గంటలు పడుతుంది, ఆ గంటల్లోనే బొచ్చు పోతుంది.

ఇప్పుడున్న తోలు సంగతంటారా, బొచ్చు మీద ఆశ వదులుకుని, యాసిడ్ బాగా కడిగేసి సున్నపు నీళ్లలో నానబెట్టి మొత్తం తీసేయండి. చర్మం కుళ్లి ఉండకపోతే మంచి తోలే వస్తుంది.

ప్రశ్న: కుందేలు తోలుకు పటిక, ఉప్పు పట్టించాను. తెల్లగా, మెత్తగా వచ్చింది, అందరూ మెచ్చుకున్నారు కూడా. ఒకసారి వానలో తడిసి ఆరేసరికి అట్టముక్కలా బిగుసుకుపోయింది. పటిక తక్కువైందా?

జవాబు: ఎక్కువ వేసినా అంతే. పటికలోని అల్యూమినియం లవణం తోలు పోగుల మధ్య చేరుతుంది కానీ గట్టిగా పట్టుకోదు, నీళ్లు తగిలితే కరిగి పోతుంది. మిగిలేది దాదాపు పచ్చితోలే. గోడకు తగిలించే వాటికి పటిక చాలు, తడిసే వాటికి వద్దు. క్రోమ్ ట్యానింగ్, అంటే క్రోమియం లవణాలతో తోలు పదును చేయడం అయితే పట్టు బలంగా ఉంటుంది. చిన్న ముక్క కోసి మరిగే నీళ్లలో వేసి చూడండి, బాగా క్రోమ్ పట్టినది అలాగే ఉంటుంది, పటిక పట్టినది చుట్టుకుపోయి కుంచించుకుపోతుంది. రసాయనాలు వద్దనుకునే వాళ్లకి పాతకాలం దారి ఒకటుంది, జంతువు మెదడును నీళ్లలో నలిపి పట్టించి, మెత్తబడేదాకా సాగదీసి, చివర్లో పొగ పట్టించడం. ఆ పొగలోని ఆల్డిహైడ్లు అనే పదార్థాలే పోగుల్ని పట్టి ఉంచుతాయి. పొగ వేయకుండా వదిలేస్తే అదీ వానకు బిగుసుకుంటుంది. తుమ్మచెక్క, కరక్కాయ లాంటి వాటిలోని వగరు పదార్థం, టానిన్, మందపు తోళ్లకి బాగుంటుంది కానీ ఓపిక కావాలి. మొదట పల్చటి కషాయంలో వేసి తర్వాత చిక్కబెట్టాలి. మొదటే చిక్కటి దాంట్లో పడేస్తే పైపొర బిగుసుకుపోయి నడిమి భాగం పచ్చిగానే ఉండిపోతుంది.

మీ కుందేలు తోలును ఉప్పునీళ్లలో నానబెట్టి మళ్లీ పట్టించుకోవచ్చు. ఆరేటప్పుడు మాత్రం పక్కన పెట్టి మర్చిపోకండి. కాస్త తేమ ఉండగా పదును లేని అంచు మీద ఇటూ అటూ లాగుతుంటే, లాగిన చోట తోలు తెల్లబడుతుంది, అంటే పోగులు విడుతున్నాయన్నమాట. పూర్తిగా ఆరిపోయి గట్టిగా ఉన్న చోట తడిగుడ్డ అద్ది మళ్లీ లాగాలి. చేతులు నొప్పి పుడతాయి, దానికి ఏ పొడీ ఏ నూనే బదులు కాదు.

ప్రశ్న: యాసిడ్ తొట్టికి పాత కారు బ్యాటరీలోది వాడితే ఏమవుతుంది?

జవాబు: వద్దు. పాత బ్యాటరీ యాసిడ్‌లో సీసం ఉంటుంది. వంటింట్లో వాడే తెల్ల వెనిగర్ సగం, నీళ్లు సగం, లీటరుకి సుమారు 120 గ్రాముల ఉప్పు కలిపితే ఇంటి పనికి సరిపోతుంది. ఉప్పు మాత్రం మానొద్దు, ఉప్పు లేని యాసిడ్‌లో తోలు ఉబ్బి పాడవుతుంది. పీహెచ్ (పులుపు కొలత, తగ్గేకొద్దీ యాసిడ్ ఎక్కువ) 3 లోపే ఉందో లేదో పీహెచ్ పేపరుతో చూసుకుంటూ ఉండండి. బయటికి తీశాక వంటసోడా నీళ్లలో పావుగంట, ఇరవై నిమిషాలు ఉంచి కడగాలి. అదంతా ఎందుకని వదిలేస్తే మిగిలిన యాసిడ్ తోలును కొన్నేళ్లలో పొడి చేసేస్తుంది. ఎవరైనా గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ ఇస్తే, నీళ్లలో యాసిడ్ పోయాలి గానీ యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు, గ్లౌజులు, కళ్లద్దాలు లేకుండా అసలే వద్దు.

ప్రశ్న: ఎండలో వేస్తే ఉప్పు తోలు తొందరగా ఆరుతుంది కదా?

జవాబు: ఆరుతుంది, చెడుతుంది కూడా. కొవ్వు కరిగి తోల్లోకి దిగి మాడుతుంది, పైభాగం గట్టిపడి లోపల తడి అలాగే ఉండిపోతుంది. గాలి ఆడే నీడలో వేయండి. ఇంకో మాట, కుందేళ్లని ఒలిచేటప్పుడు గ్లౌజులు మర్చిపోకండి, వాటి నుంచి మనుషులకు అంటే టులరీమియా జబ్బు చేతి మీది చిన్న గాయంలోంచీ వస్తుంది. అసలు వేటలో కాకుండా చచ్చి పడి దొరికిన జంతువు తోలు జోలికి పోకండి, ఆంత్రాక్స్ అనే ప్రాణాంతక జబ్బు బీజాలు ఉప్పుకి చావవు.