బాడీ మార్చాలా, లెన్స్ కొనాలా?

ప్రశ్న: నా దగ్గర నికాన్ డి3500, దానితో వచ్చిన 18-55 కిట్ లెన్స్ ఉన్నాయి. తెల్లవారుజామున విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలం ఫొటోలు తీస్తుంటాను. వెలుతురు చాలక మనుషులు చెదిరిపోయినట్లు పడుతున్నారు. ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) పెంచితే నాయిజ్ (గరుకు చుక్కలు) వస్తోంది. సెకండ్ హ్యాండ్‌లో ఫుల్ ఫ్రేమ్ బాడీ (పెద్ద సెన్సర్ ఉన్న కెమెరా) కొనమని ఒక మిత్రుడు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, పెదవాల్తేరు

జవాబు: మీ మిత్రుని మాటలో నిజం లేకపోలేదు గాని, మీ ఇబ్బందికి ముందు చూడవలసింది లెన్స్‌ను. కిట్ లెన్స్‌ను 55 ఎంఎం దగ్గరకు తిప్పినప్పుడు దాని అపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం) ఎఫ్5.6 కన్నా ఎక్కువ తెరుచుకోదు. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే ఆ రంధ్రం అంత పెద్దది. ఎఫ్1.8 లెన్స్ అయితే దానికి దాదాపు 10 రెట్ల వెలుతురును లోపలికి రానిస్తుంది. అంటే ఇప్పుడు ఐఎస్ఓ 3200, 1/60 సెకనుతో తంటాలు పడుతున్న చోట అదే ఐఎస్ఓతో 1/500 సెకనుకు వెళ్లవచ్చు, లేదా ఐఎస్ఓను 800కు దించుకొని 1/125 సెకనుతో తీయవచ్చు. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ వైశాల్యం మీ సెన్సర్‌కు రెండుంబావు రెట్ల కన్నా కాస్త ఎక్కువ కనుక, కేవలం బాడీ మార్చినందువల్ల ఒనగూరే లాభమూ సుమారు అంతే. పైగా మీ కిట్ లెన్స్ డీఎక్స్ రకానిది, అంటే చిన్న సెన్సర్‌కు తగ్గట్టు చేసినది. దాన్ని డి750 వంటి ఫుల్ ఫ్రేమ్ బాడీకి తగిలిస్తే కెమెరా సెన్సర్ మధ్య భాగాన్నే వాడుకొని, 24 మెగాపిక్సెల్‌లకు బదులు సుమారు 10 మాత్రమే ఇస్తుంది. కాబట్టి బాడీ కొన్నాక లెన్స్ కూడా కొనక తప్పదు. సలహా చెప్పేవారు ఈ రెండో ఖర్చు ఊసెత్తరు.

ఇక ఎఫ్1.8 లెన్స్‌లలో 35 ఎంఎం కొనాలా, 50 కొనాలా అన్నది మీరు వేలం పాటకు ఎంత దగ్గరగా నిలబడతారన్న దాన్ని బట్టి ఉంటుంది. మీ బాడీ మీద 35 ఎంఎం లెన్స్ ఫుల్ ఫ్రేమ్‌పై 52 ఎంఎం లెన్స్ చూపినంత దృశ్యాన్ని, 50 ఎంఎం లెన్స్ 75 ఎంఎం లెన్స్ చూపినంత దృశ్యాన్ని చూపుతాయి. గంపల మధ్య వెనక్కు జరిగే చోటు లేని జెట్టీ మీద 50 ఇరుకవుతుందని నా అభిప్రాయం. నా మాట నమ్మనక్కరలేదు. ఒక ఉదయం కిట్ లెన్స్‌ను 35 దగ్గర, మరో ఉదయం 50 దగ్గర ఉంచి, ఇక తిప్పకుండా తీసి చూడండి. ఏది ఎంచుకున్నా ఒక సంగతి గమనించండి: 35 ఎంఎం లెన్స్‌తో మీటరున్నర దూరంలో ఎఫ్1.8 వద్ద స్పష్టంగా పడే లోతు జానెడు కూడా ఉండదు. పాట పాడే మనిషి కళ్లు స్పష్టంగా ఉండి, ఆమె ముందుకు చాచిన చేతిలోని వంజరం మసకబారుతుంది. రెండూ కావాలంటే ఎఫ్2.8కో, ఎఫ్4కో వెళ్లి, ఐఎస్ఓను కొంత పెంచుకోవలసిందే.

ప్రశ్న: మా మామయ్య ఇచ్చిన నికాన్ 50 ఎంఎం ఎఫ్1.8డి లెన్స్ నా డి5600పై ఆటోఫోకస్ చేయడం లేదు. రిపేరుకు ఇవ్వాలా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: వద్దు. ఆ లెన్స్‌లో మోటారు ఉండదు. దాన్ని తిప్పే మోటారు మీ బాడీలోనూ లేదు. డి7200, డి7500, డి750 వంటి బాడీలలో ఉంది. అలాంటి బాడీ కొనేదాకా చేత్తో ఫోకస్ చేసుకోండి. సరిగా కుదిరినప్పుడు వ్యూఫైండర్‌లో ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది. అపర్చర్ రింగును 22 దగ్గర లాక్ చేయడం మరవకండి, లేకుంటే కెమెరా ఎర్రర్ చూపి మొరాయిస్తుంది.

ప్రశ్న: కెనాన్ 1500డి వాడుతున్నాను. కొండకర్ల ఆవలో పక్షుల కోసం కొత్త 55-250 ఎస్‌టీఎం మేలా, సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతున్న 400 ఎంఎం ఎఫ్5.6 మేలా?
– ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: పక్షులకు దూరం అందడమే ముఖ్యం కనుక 400 వైపే మొగ్గుతాను, మీ బాడీపై అది 640 ఎంఎం లెన్స్‌తో సమానమైన దృశ్యాన్నిస్తుంది. అయితే అందులో స్టెబిలైజేషన్ (చేతి వణుకును సర్దే ఏర్పాటు) లేదు. ఎగిరే పక్షికి ఎలాగూ 1/1000 సెకను దాటాలి కనుక పగటి వెలుతురులో ఆ లోటు పెద్దగా తెలియదు గాని, పొద్దువాలాక పడవలో కూర్చొని తీసేటప్పుడు తెలుస్తుంది. కెనాన్ ఇప్పుడు మిర్రర్‌లెస్ వైపు మళ్లినా ఈ లెన్స్‌కు భయం లేదు. ఆ మిర్రర్‌లెస్ ఆర్ సిరీస్ బాడీలకు అడాప్టర్‌తో తగిలించుకుంటే ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తుంది.

డబ్బు చెల్లించే ముందు మాత్రం లెన్స్‌కు ఒకవైపు నుంచి టార్చి వేసి, రెండోవైపు నుంచి చూడండి. మన సముద్రపు తేమకు బీరువాలో మూలపడిన లెన్స్‌లలో సాలెగూడు పోగుల్లా ఫంగస్ అల్లుకొని ఉంటుంది. అది ముందు గాజు అంచున చిన్న మచ్చగా ఉంటే బేరమాడవచ్చు. లోపలి గాజుల మీద ఉంటే, ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి.