రాత్రి పది దాటినా డాబా గది ఎందుకు చల్లబడదు?

బయట అరుగు మీద గాలి చల్లగానే ఉంటుంది, కొత్త డాబా గదిలో మాత్రం పది దాటినా ఫ్యాను వేడిగాలే కొడుతుంది, పాత పెంకుటింట్లో ఈ బాధ లేదు, ఎందుకని అడిగారు. మాదీ అమలాపురం దగ్గర పల్లెటూరేనండి. పెంకుటిల్లు తీసేసి డాబా వేసుకున్న తొలి వేసవి మేమూ ఇలాగే ఉడికిపోయాం.

తప్పు గాలిది కాదు, నెత్తి మీదున్న శ్లాబుది. మే నెల మిట్టమధ్యాహ్నం చదరపు మీటరు మీద దాదాపు 1000 వాట్ల ఎండ పడుతుంది. మాసిన సిమెంటు అందులో చాలా భాగాన్ని తాగేస్తుంది. ఆ వేడి కాంక్రీటులోంచి మెల్లగా కిందికి పాకుతుంది. దీన్నే ఉష్ణవహనం అంటారు. అయిదంగుళాల మందం దాటడానికి కొన్ని గంటలు పడుతుంది కాబట్టి, పైన ఎండ తగ్గాక గానీ లోపలి కప్పు పూర్తిగా కాగదు.

ఎంత వేడెక్కింది అన్నదొకటి, ఎంత వేడిని దాచుకుంది అన్నది మరొకటి. అయిదంగుళాల శ్లాబు చదరపు మీటరుకు సుమారు 300 కిలోలు తూగుతుంది. అది ఒక్క డిగ్రీ చల్లారాలంటే దాదాపు 260 కిలోజౌళ్లు వదిలించుకోవాలి. పెంకు కూడా మధ్యాహ్నం చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, కానీ పలచన. పొద్దు వాలగానే చల్లారిపోతుంది. పైగా పెంకుల సందుల్లోంచి వేడిగాలి పైకి పోయేది, కింద అటక ఉంటే కప్పు సెగ మన మీద పడేది కాదు. మండువా లోగిళ్లు కట్టిన పెద్దవాళ్ల తెలివికి నేను ఇప్పటికీ దండం పెడతాను.

ఇక కప్పు నుంచి మీ దాకా వేడి ఎలా వస్తుంది? వేడెక్కిన గాలి తేలికై పైనే ఉండిపోతుంది, దానంతటది కిందికి దిగదు. ఫ్యాను దాన్ని కిందికి తోస్తుంది. కానీ పెద్ద వాటా వికిరణానిది, అంటే గాలితో పనిలేకుండా నేరుగా వచ్చే సెగది. చర్మం 34 డిగ్రీల దగ్గర ఉంటుంది. కప్పు అంతకన్నా వేడిగా ఉంటే మన ఒంటి వేడి అటు పోవడం మాని, అక్కడిదే మన మీదికి వస్తుంది. రాత్రి మంచమెక్కి కప్పు దగ్గరగా అరచెయ్యి పెట్టి చూడండి, తాకకుండానే తెలుస్తుంది.

కాబట్టి లోపల ఎంత తంటాలు పడ్డా లాభం తక్కువ. ఎండను పైనే ఆపాలి. మేము ముందు డాబా మీద సున్నంలో జిగురు కలిపి రెండు పూతలు వేయించాం. తెల్లటి పూత ఎండలో సగానికి పైగా వెనక్కి కొట్టేస్తుంది. వానలకు కొట్టుకుపోతుంది గనక ఏటా వేసవి ముందు వేయించుకోవాలి. ఆ మరుసటేడు సరుగుడు కర్రలు పాతి కొబ్బరాకుల పందిరి వేశాం. ఆకులకీ శ్లాబుకీ మధ్య గాలి ఆడే ఎత్తు ఉంచాలి, నేరుగా పరిచేస్తే రాత్రి శ్లాబు చల్లారనివ్వవు. నన్నడిగితే డబ్బుకు తగ్గ ఫలితం పందిరిదే.

సాయంత్రం నీళ్లు చల్లడం కూడా పనికొస్తుంది. లీటరు నీరు ఆవిరైతే సుమారు 2400 కిలోజౌళ్లు పట్టుకుపోతుంది. అదంతా శ్లాబు నుంచే తీసుకుంటే చదరపు మీటరు మేర తొమ్మిది డిగ్రీలు తగ్గినట్టే. మన డెల్టాలో గాలికి తేమ ఎక్కువ, అంత తొందరగా ఆవిరి కాదు. అందుకే చెరువులా నిలబెట్టకుండా, పొద్దు వాలి గాలి తిరిగాక కొంచెం కొంచెంగా చల్లండి. మూసిన గదిలో కూలరు పెట్టినా ఇదే చిక్కు: గాలిలో తేమ పెరిగి చెమట ఆరదు, ఉక్కపోత ఎక్కువవుతుంది. పెట్టుకుంటే కిటికీలు తీసి పెట్టుకోండి.

పందిరి వేయించేటట్టయితే తాళ్లు దగ్గరుండి కట్టించుకోండి. మే నెలలో ఈదురుగాలి చెప్పి రాదు, ఊడిన కర్ర పక్కింటి మీద పడితే పెద్ద ప్రమాదం.